అమ్మీ మచ్చలు ఎక్కడ పోయాయి?



మొన్న రంజాన్ పండగ రోజు మా ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది. షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. మా భాయిజాన్ కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. వాడు ఈసారి మా అమ్మీకి ఈదీగా ఒక తస్వీర్ ఫ్రేమ్ కట్టించి తెచ్చాడు. మా ఖాందాన్‌లో పదకొండు మంది ఆడవాళ్ల ఫోటోలు సంపాదించాడట. ఇంతకాలం కిందట అల్లాహ్ దగ్గరికి వెళ్లిపోయిన మా నానీమా రేషన్ కార్డు ఫోటో, అమ్మీది, ఇద్దరు ఖాలాలవి, నాది, భాభీది, ఆడపిల్లలవి. అన్నిటినీ కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చి, కళ్లకు కళ్లు, నోటికి నోరు సరిపెట్టి, కలిపి ఒక్క చెహ్రా చేశాడు. కింద బంగారు రంగు అక్షరాలతో "మా ఖాందాన్ చెహ్రా" అని రాయించాడు.

అందరూ మాషా అల్లాహ్ అన్నారు. ఝూట్ ఎందుకు చెప్పాలి, నేనూ అన్నాను. నిజంగానే ఖూబ్‌సూరత్‌గా ఉంది. నున్నటి బుగ్గలు, పెద్ద కళ్లు, మా ఇంట్లో ఎవరికీ లేనంత చక్కటి ముక్కు. ఒక్క తల దగ్గరే ఏదో పొగ కమ్మినట్టు ఉంది. నానీమా తలమీద చీర కొంగు, నా బుర్ఖా, పిల్లల స్కార్ఫులు, ఒక పిల్ల విరబోసుకున్న జుట్టు, అన్నీ కలిసి అలా అయ్యాయి.

అమ్మీ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఇందులో నేనెక్కడున్నాను బేటా?"

"అందరూ ఉన్నారు దాదీ. మీరూ ఉన్నారు."

"మరి నా మచ్చలేవీ?"

మా అమ్మీ మొహం నిండా చేచక్ మచ్చలు. అదే, మశూచి. ఆమె చిన్నప్పుడు ఆ బీమారీ ఇంట్లోకి వచ్చి ఆమెను వదిలేసి, ఆమె తమ్ముణ్ణి తీసుకుపోయింది. ఆ పిల్లవాడి ఫోటో లేదు, చొక్కా లేదు, సమాధి మీద పేరు కూడా లేదు. ఈ దునియాలో వాడు పుట్టి పోయాడనడానికి మిగిలిన నిషానీ అమ్మీ మొహం మీద ఉన్న మచ్చలే. మిగతా పది మంది బుగ్గలు వచ్చి వాటిమీద పడేసరికి అవి మాయమయ్యాయి. పదకొండింట ఒక వంతు మచ్చ కంటికి కనబడదు కదా.

పిల్లవాడిది గలతీ అనను. వాడు మొహబ్బత్‌తో చేశాడు. నా ఝగ్డా ఆ పద్ధతితో. పది మందిని కలిపి ఒక చెహ్రా చేసి "ఇది మీరే" అని చూపించడం, ఎంత ప్రేమతో చేసినా, ఇన్సాన్‌ను చెరిపేయడమే. ఈ మాట మన ఇళ్లలో మరీ గట్టిగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ విద్య పుట్టినప్పటి నుంచి దాన్ని మొదట ప్రయోగించింది జవాబు చెప్పే తాకత్ లేనివాళ్ల మీదే.

కంప్యూటర్ వచ్చాక పుట్టిన విద్య అనుకుంటున్నారేమో, కాదు. దీని తారీఖ్ దాదాపు నూట యాభై ఏళ్లు. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌కు చుట్టం. 1877, 1878 ప్రాంతంలో ఆయన జైలు అధికారుల దగ్గర ఖైదీల ఫోటోలు తీసుకున్నాడు. హత్యలు చేసినవాళ్లు, దొంగలు. వాటిని ఒకే ఫోటో పలక మీద ఒకదాని తర్వాత ఒకటి పడేలా చేశాడు. లెక్క చాలా సీదా. ఒక ఫోటో పూర్తిగా దిగడానికి ఎనభై సెకన్ల వెలుతురు కావాలంటే, ఎనిమిది ఫోటోలుంటే ఒక్కోదానికి పది సెకన్లే ఇవ్వాలి. అందరిలో ఉన్నది ముదురుగా పడుతుంది. ఒక్కడిలో ఉన్నది పలచబడి పోతుంది. ఈరోజు మా పిల్లవాడి కంప్యూటర్ చేసిందీ ఆ పనే. సెకన్లకు బదులు ప్రతి చుక్క రంగునూ కూడి పదకొండుతో భాగించింది, అంతే ఫర్క్.

గాల్టన్ మక్సద్ ఏమిటి? నేరస్థుడి చెహ్రా ఎలా ఉంటుందో పట్టుకోవాలని. పది మంది బద్మాషులను కలిపితే అసలు సిసలు బద్మాష్ ముఖం బయటపడుతుందని ఆశ. కానీ పలక మీద దిగింది ఒక షరీఫ్ మనిషి ముఖం! విడివిడిగా ఉన్న ఏ ఫోటో కన్నా కలిపిన ఫోటోనే మంచిగా కనబడింది. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఒకడి గాటు, ఇంకొకడి వంకర ముక్కు, మరొకడి కోపం, అన్నీ కొట్టుకుపోయి మామూలు మనిషి మిగిలాడు.

అక్కడ ఆగి ఆయన ఒక్క సవాల్ వేసుకోవాల్సింది: నేరానికి ముఖం ఉండదేమో? వేసుకోలేదు. పైగా ముందుకే పోయాడు. మంచి జాతిని పెంచాలి, చెడ్డ జాతిని తగ్గించాలి అనే ఆలోచనకు 1883లో యూజెనిక్స్ అని పేరు పెట్టింది ఈయనే. ఆ ఆలోచన ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడ తేలిందో మీకు తెలుసు. 1933లో జర్మనీ ప్రభుత్వం తనకు పనికిరారు అనుకున్నవాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే కానూన్ తెచ్చింది. ఫోటోలు కలిపినందువల్లే ఇదంతా జరిగిందని నేననను. కానీ మనుషులను ఒక్కొక్కరుగా చూడటం మానేసి రకాలుగా చూడటం అలవాటైతే ఆ దారి ఎటు పోతుందో తారీఖ్ చెప్పింది.

ఇంకో వాఖియా వినండి. గాల్టన్ లండన్‌లో ఒక యూదుల బడిలో చదివే పిల్లల ఫోటోలనూ ఇలాగే కలిపాడు. ఈ పనిలో ఆయనకు తోడు జోసెఫ్ జాకబ్స్ అనే యూదు పండితుడు. మన దేశపు జానపద కథలను ఇంగ్లీషులో పుస్తకంగా వేసినాయన ఈయనే. 1885లో ఆ తస్వీర్లు అచ్చయ్యాయి. గాల్టన్‌కు ఆ పిల్లల్లో, వాళ్ల బస్తీ మనుషుల్లో మనిషిని వెలకట్టే చల్లని చూపు కనబడిందట. జాకబ్స్‌కు ఆ తస్వీర్లలో అలాంటిదేమీ కనబడలేదు. ఆయనకు కనబడింది ఆలోచనలో మునిగిన, కలలు కనే కుర్రవాడు.

తస్వీర్ ఒక్కటే. చూసినవాళ్లు ఇద్దరు. ఒకడికి వ్యాపారి కనబడ్డాడు, ఇంకొకడికి షాయర్ కనబడ్డాడు. ఎందుకంటే ఆ ముఖంలో ఎవరూ లేరు. ఉన్న మనిషి అయితే మన ఊహను కాదంటాడు, తల తిప్పుకుంటాడు, "నేను అలాంటివాణ్ణి కాదు" అంటాడు. లేని మనిషి ఏమంటాడు? దిల్‌లో ఏది పెట్టుకుని వస్తే అదే చూపిస్తాడు. ఆ కథలో యూదు అన్నచోట ముస్లిం అని పెట్టి ఒకసారి చదవండి. బస్సులో, అద్దె ఇంటి కోసం వెళ్లిన గడప ముందు, ఇంటర్వ్యూ గదిలో మనల్ని చూసే చూపు గుర్తొస్తుంది. వాళ్లు మనల్ని చూడటం లేదు. వాళ్ల బుర్రలో ఎప్పుడో కలిపి పెట్టుకున్న ఒక తస్వీర్‌ను చూస్తున్నారు.

"అది పాత జమానా, ఇప్పుడు ఇది ఆర్ట్" అంటారు. సరే, ఆర్ట్ సంగతీ చూద్దాం. అమెరికాలో నాన్సీ బర్సన్ అనే కళాకారిణి కంప్యూటర్‌తో ముఖాలు కలపడంలో మొదటి వరసలో ఉన్న మనిషి. 1982లో అణుబాంబులున్న ఐదు దేశాల నాయకులను కలిపి ఒక ముఖం చేసింది. ఎవరి దగ్గర ఎన్ని వార్‌హెడ్లు ఉంటే వాళ్ల ముఖానికి అంత వాటా. రీగన్‌కు 55 శాతం, బ్రెజ్నేవ్‌కు 45 శాతం. థాచర్, మిత్తెరాఁ, డెంగ్ ముగ్గురికీ తలా ఒక శాతం కూడా దక్కలేదు. ఆ తస్వీర్ అంటే నాకు ఇజ్జత్ ఉంది. తాకత్ ఉన్నవాళ్లను పట్టుకుంది, లెక్కను దాచలేదు, ఆ లెక్కే అందులో అసలు మాట.

ఇప్పుడు దానిపక్కన ఇంకోటి పెట్టండి. 1993 నవంబరులో టైమ్ పత్రిక ఒక ప్రత్యేక సంచిక వేసింది. కవర్ మీద నవ్వుతున్న యువతి. అమెరికా కొత్త చెహ్రా ఇదీ అని రాశారు. ఆమె పుట్టలేదు, కంప్యూటర్ తయారుచేసింది. లోపల లెక్క ఇచ్చారు: ఆంగ్లో సాక్సన్ 15 శాతం, మధ్యప్రాచ్యం 17.5, ఆఫ్రికా 17.5, ఆసియా 7.5, దక్షిణ యూరప్ 35, హిస్పానిక్ 7.5. బజార్లో మసాలా తూచినట్టు తూచారు. మక్సద్ మంచిదే: వలస వచ్చినవాళ్లందరితో దేశం అందంగా మారుతోందని చెప్పడం. కానీ అడగండి. దక్షిణ యూరప్‌కు 35, ఆసియా అంతటికీ 7.5 అని ఎవరు నిర్ణయించారు? పని కోసం, చదువు కోసం అక్కడికి వెళ్లిన మన గుంటూరు, హైదరాబాద్ పిల్లల రంగు ఆ ఏడున్నర శాతంలో ఎన్నో వంతు? నిజంగా వలస వచ్చిన ఆడమనిషిని ఒక్కర్ని కవర్ మీద వేస్తే ఆమెకు పేరుండేది, కష్టముండేది, అడగాల్సిన మాటలుండేవి. లేని పిల్లకు అవేమీ ఉండవు. అందుకే ఆమెను ఇష్టపడటం అంత ఆసాన్.

కలపడం అంటే వాటా వేయడం. వాటా వేసేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. ఎన్ని ముఖాలు కలిపారు అని కాదు, తరాజు ఎవరి చేతిలో ఉంది అని అడగాలి.

"కానీ అందంగా ఉంది కదా ఫుప్పూ" అన్నాడు మావాడు. ఔను, ఉంటుంది. అందులో జాదూ ఏమీ లేదు. 1990లో అమెరికాలో లాంగ్లోయిస్, రోగ్‌మన్ అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు ఇదే చూపించారు. పదహారు, ముప్ఫైరెండు ముఖాలు కలిపి చేసిన ముఖాన్ని జనం విడి ముఖాల కన్నా అందంగా ఉందన్నారు. మచ్చలు, మొటిమలు, గాట్లు, వంకరలు ఎవరివి వాళ్లవే కాబట్టి కలిపినప్పుడు అవే ముందు పోతాయి. అంటే ఆ అందం దేనితో వచ్చింది? మనవి అన్నవన్నీ తీసేయడంతో వచ్చింది.

ఇక్కడ మన గిరేబాన్‌లోకి మనం తొంగిచూసుకోవాలి. రిష్తాల కోసం ముషాతా చేతికి ఇచ్చే ఫోటోలు చూశారా? చామనఛాయ పిల్ల ఫోటోలో గోధుమరంగుకు వస్తుంది. చెంప మీద కాలిన మచ్చ పోతుంది. ముక్కు సన్నబడుతుంది. నాలుగు ఫోటోలు వరసగా పెడితే నలుగురూ అక్కచెల్లెళ్లలా ఉంటారు. అబ్బాయి తరఫువాళ్లు ఇంటికొచ్చి పిల్లను చూసి మొహాలు మాడ్చుకుంటారు. ఆ పిల్ల లోపలికి వెళ్లి అద్దంలో చూసుకుని తనలోనే ఏదో ఖరాబీ ఉందనుకుంటుంది. ఎవరితో పోల్చి ఆమెను తక్కువ చేశాం? పుట్టని పిల్లతో! టైమ్ పత్రికను అనే ముందు మన ఇంట్లో జరిగే ఈ జుల్మ్‌ను ఆపాలి.

ఇప్పుడు మనలో చాలామందికి కాస్త ముళ్లు గుచ్చుకునే మిసాల్ ఒకటి చెప్తాను. ఇద్రీస్ ఖాన్ అని బ్రిటన్ కళాకారుడు ఉన్నాడు. 1978లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు, తండ్రి పాకిస్తాన్ నుంచి వెళ్లినాయన. 2004లో ఆయన ఖుర్ఆన్ షరీఫ్ ప్రతి పేజీనీ తీసుకుని, కంప్యూటర్‌లో అన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే తస్వీర్ చేశాడు. మొత్తం కితాబ్ ఒక్క చూపులో. ఇది అదబా, బేఅదబీయా అని ఫత్వా ఇవ్వడానికి నేను ముఫ్తీని కాను. నాకు కనబడ్డది చెప్తాను. అందులో మొదటి సూరా ఉంది, చివరి సూరా ఉంది, ఒక్క అక్షరం తగ్గలేదు. కానీ ఒక్క ఆయత్ చదవలేం. అన్నీ ఉన్నాయి, ఏదీ వినబడదు. ఆయన తస్వీర్ పేరులోనే ప్రతి పేజీ ఇందులో ఉందని సాఫ్‌గా చెప్పాడు. చదవడానికని ఎవరికీ ఇవ్వలేదు. తిలావత్ చేయాలంటే మనం మళ్లీ ముస్‌హఫ్ దగ్గరికే వెళ్లి ఒక్కో పేజీ తిప్పాలి.

అల్లాహ్ కలామ్‌నే ఇలా పేరిస్తే చదవలేకపోతున్నాం. మరి మనుషులను పేర్చి, "చదివేశాం, వీళ్లింతే" అని ఎలా అంటారు?

దీనికి జవాబ్‌గా కొందరు ఇత్తెహాద్ మాట తెస్తారు. మనమంతా ఒక్కటి అని చూపించడంలో తప్పేముంది అంటారు. ఒకచోట జల్సా పోస్టర్ మీద ఇలాంటిదే చూశాను. ఎందరో ముస్లిం ఆడవాళ్ల ముఖాలు కలిపి చేసిన ఒక ముఖం, కింద ఐక్యత గురించి నినాదం. మా గల్లీలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు దాన్ని చూపించి "వీళ్లెవరు?" అని అడిగితే, "ఎవరో టీవీ ఆమె" అన్నారు.

తెలుగు ముసల్మాన్లు ఒక ముఖంలో ఇమిడేవాళ్లు కాదు. ఇది నా ఖయాల్ కాదు, సర్కారీ కాగితాలే చెప్తాయి. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు బీసీ బిలో ఉన్నారు. మెహతర్లు బీసీ ఎలో ఉన్నారు. 2007 చట్టంతో వెనుకబడ్డ ముస్లిం తబ్ఖాలను గుర్తించి బీసీ ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. సయ్యద్, మొఘల్, పఠాన్‌లు అందులో లేరు. ఆ జాబితా ఎలా వచ్చింది? పత్తి ఏకినవాళ్లు, పాకీ పని చేసినవాళ్లు, రాళ్లు కొట్టినవాళ్లు, ఎలుగుబంట్లను ఆడించినవాళ్లు విడివిడిగా, ఎవరి కష్టం వాళ్లదిగా కనబడితేనే వచ్చింది. అందరినీ కలిపి ఒక ముస్లిం చెహ్రా చేసి ఉంటే అందులో దూదేకుల ఆమె పేరు మాయం, మెహతర్ ఆమె చేతుల మీది పగుళ్లు మాయం. మిగిలేది ఎవరి ముఖం? ఫోటోలు ఎక్కువ ఉన్నవాళ్ల ముఖం. మన ఖౌమ్‌లో ఎవరి ఇళ్లలో ఫోటోలు ఎక్కువ ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు.

ఇత్తెహాద్ కావాలంటే మస్జిద్‌లో సఫ్‌ను చూడండి. భుజానికి భుజం కలిపి నిలబడతారు. ఒకరి మీద ఒకరు నిలబడరు. పొడుగువాడు పొడుగుగానే ఉంటాడు, కుంటివాడు కుర్చీలో కూర్చుంటాడు, నల్లవాడు నల్లగానే, ముసలివాడు ముసలివాడిగానే ఉంటాడు. ఎవరి చెహ్రా పోలేదు, అయినా సఫ్ ఒక్కటే. మనుషుల రంగుల్లో, భాషల్లో ఉన్న ఫర్క్‌ను రబ్ తన నిషానీల్లో ఒకటిగా లెక్కపెట్టాడని సూరె రూమ్ చదివినవాళ్లకు తెలుసు. ఆయన నిషానీ అన్నదాన్ని మనం లోపం అనుకుని రుద్దేస్తామా?

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ గాల్టనే తర్వాత వేలిముద్రల మీద పనిచేసి 1892లో పుస్తకం రాశాడు. ఆ ముద్రలను దొంతరలుగా వర్గీకరించి, లక్షల్లోంచి ఒకటి వెతికి తీసే లెక్కను తయారుచేయడంలో పెద్ద చేయి మన దేశపు ముసల్మాన్‌ది. బెంగాల్ పోలీసులో పనిచేసిన ఖాజీ అజీజుల్ హఖ్. ఆయనతో పాటు హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల తెల్ల అధికారి హెన్రీది పెట్టారు. 1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరో ఆ కష్టం మీదే నిలిచింది. అదీ పోలీసుల పనికే వచ్చిందని తెలుసు, నాకేమీ భోళాతనం లేదు. కానీ ఒక ఇల్మ్ మనుషులను కలిపి మసక చేసింది, ఇంకోటి ఏ ఇద్దరూ ఒకటి కాదనే మాట మీద నిలిచింది. హుకూమత్‌కు రెండూ కావాలి. పట్టుకునేటప్పుడు ఒక్కొక్కరిని వేలిముద్రతో పట్టుకుంటారు. భయపెట్టేటప్పుడు అందరినీ కలిపి ఒకే ముఖంగా చూపిస్తారు. వాళ్లు అలా చేస్తారు సరే, మనం మన ఇళ్లలో ఆ రెండో పని మన చేతులతో ఎందుకు చేయాలి?

మీ ఇంట్లో పిల్లలకు కంప్యూటర్ హునర్ ఉంటే దానికి మంచి పని ఇవ్వండి. దాదీల, నానీల పాత ఫోటోలు చెదలు పట్టకముందే తీయించండి. చిరిగినచోట అతికించమనండి, మొహం మీద చేయి పెట్టనివ్వకండి. ఒక్కో ఫోటో కింద ఆమె పేరు రాయించండి. ఫలానావాడి బీబీ, ఫలానావాడి అమ్మ అని కాదు, ఆమె సొంత పేరు. ఏ ఊళ్లో పుట్టింది, ఏం పని చేసింది. ఫోటో లేనివాళ్లకు ఖాళీ చోటు వదిలి పేరు మాత్రం రాయండి. పక్కపక్కన పెట్టండి, ఒకరి మీద ఒకరిని పెట్టకండి.

మావాడు రెండు రోజులు అలిగాడు. మూడో రోజు పొద్దున అమ్మీని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోన్‌తో దగ్గర నుంచి ఫోటో తీశాడు. ఏమీ దిద్దలేదు. పక్కవాటంగా పడ్డ ఎండలో ఒక్కో మచ్చా కనబడుతోంది. అమ్మీ ఆ ఫోటో చూసి చెంప మీద ఒకచోట వేలు పెట్టి, తన తమ్ముడి పేరు చెప్పింది. ఆ పేరు మా ఇంట్లో నేను విన్నది అదే మొదటిసారి.

ఆ ఫ్రేమ్‌లోంచి పాత తస్వీర్ తీసేశాం. ఇప్పుడు అందులో పదకొండు చిన్న ఫోటోలు, పన్నెండు పేర్లు ఉన్నాయి.

వస్సలాం.